పాత సైనిక పిస్టల్: ధర అడిగే ముందు మ్యాగజైన్ చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు అమెరికాలో స్థిరపడిన తెలుగువారివి. సైన్యాలు వాడి వదిలేసిన పిస్టల్ ఒకటి చేతికొచ్చింది, దాని విలువ ఎంత, మ్యాగజైన్ (పిడిలోకి దూర్చే తూటాల డబ్బా) ఏది సరిపోతుంది అని అడిగారు. విలువ అడిగిన వారిలో ఎక్కువ మంది పిస్టల్ ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పంపారు. మ్యాగజైన్ ఫొటో మాత్రం పంపలేదు. పాత పిస్టళ్లను సేకరించే నాకు మొదట కావలసింది అదే.

ప్రశ్న: యుగోస్లావియా ఎం57 పిస్టల్ ఒకటి మ్యాగజైన్ లేకుండా నా దగ్గరకు వచ్చింది. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) పడడం లేదు. లోపల విరిగిందంటూ దుకాణదారు సగం ధర కూడా ఇవ్వనంటున్నాడు. రష్యన్ టీటీ-33 మ్యాగజైన్ చవకగా దొరుకుతోంది. దానితో సరిపెట్టుకోవచ్చా?
– పాఠకుడు, ప్లానో, టెక్సాస్

జవాబు: దయచేసి ఆ ధరకు అమ్మకండి. మీ పిస్టల్‌లో ఏదీ విరిగి ఉండకపోవచ్చు. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు ఎం57లో ఉంది. రష్యన్ టోకరేవ్‌లో, అంటే మీరు చెప్పిన టీటీ-33లో, అది లేదు. టోకరేవ్ బాగా తెలిసిన దుకాణదారు కూడా ఎం57ను చేతిలోకి తీసుకుని చెడిపోయిందనుకోవడానికి కారణం ఇదే. ఖాళీ మ్యాగజైన్ ఒకటి అరువు తెచ్చి పెట్టి చూడండి. హ్యామర్ పడితే మీ పిస్టల్‌కు పూర్తి ధర వచ్చినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మ్యాగజైన్ లేకపోతే పేలదు కదా అని ఆ ఏర్పాటును నమ్ముకుని పిస్టల్‌ను ఎవరి వైపూ తిప్పవద్దు. తూటా కూర్చునే గదిలో (ఛాంబర్‌లో) తూటా మిగిలి ఉంటే మ్యాగజైన్ పెట్టగానే అది పేలడానికి సిద్ధంగా ఉంటుంది. ముందు స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని) వెనక్కి లాగి, ఆ గదిలోకి కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, ఆ తరువాతే ఖాళీ మ్యాగజైన్ పెట్టండి.

టీటీ-33 మ్యాగజైన్ కొనకండి. రెండు పిస్టళ్లూ ఒకే వంశానివి, రెండూ 7.62×25 కొలత తూటానే వాడతాయి. కానీ క్రాగుయెవాట్స్‌లోని జాస్తవా కర్మాగారం ఎం57 పిడిని కొంచెం పొడవు చేసి 9 తూటాలు పట్టేలా మార్చింది. టీటీ-33లో పట్టేవి 8. దీని మ్యాగజైన్ దానికి సరిపోదు, దానిది దీనికీ సరిపోదు. అదే తూటా వాడే చెక్ సీజెడ్ 52 మ్యాగజైన్ ఈ రెండింటికీ పనికిరాదు, పైగా సీజెడ్ 52లో మ్యాగజైన్‌ను పట్టి ఉంచే కొక్కెం పిడి అడుగున ఉంటుంది. పోలండ్, రొమేనియా, చైనాల్లో తయారైన టోకరేవ్‌లు రష్యన్ నమూనాకు దగ్గరివి కాబట్టి వాటి మధ్య మార్పిడి సాధారణంగా కుదురుతుంది. మీరు మాత్రం జాస్తవా ఎం57 అని పేరు చెప్పి అడిగి కొనండి.

విలువ విషయానికి వస్తే, పిస్టల్ పక్కన అదనపు సేఫ్టీ మీట ఉందో లేదో చూడండి. అసలు టోకరేవ్‌లో అలాంటి మీట లేదు. 1968 నాటి అమెరికా తుపాకుల చట్టం కింద దిగుమతికి పెట్టిన షరతుల కోసం దానిని తరువాత అమర్చారు. కాల్చుకోవడానికి కొనేవారికి అదొక అడ్డు కాదు. సేకరించేవారు మాత్రం ఆ మీట గానీ, దిగుమతిదారు పేరు చెక్కిన గుర్తు గానీ లేని పిస్టల్‌కు ఎక్కువ ఇస్తారు. వియత్నాం యుద్ధం నుంచి సైనికులు అనుమతి కాగితంతో సహా తెచ్చిన చైనా టోకరేవ్‌ల ధర ఎక్కువగా ఉండడానికి కారణం ఆ కాగితమే.

ప్రశ్న: రష్యన్ మకరోవ్, పోలిష్ పీ-64, హంగరీ పీఏ-63, చెక్ సీజెడ్ 82 పిస్టళ్లన్నీ 9×18 కొలత తూటావే. ఒకదాని మ్యాగజైన్ మరొకదానికి పెట్టవచ్చా?
– పాఠకురాలు, షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: కుదరదు. మకరోవ్‌లో 8, పీ-64లో 6, పీఏ-63లో 7, సీజెడ్ 82లో 12 తూటాలు పడతాయి. తూటా ఒకటే అయినా నాలుగు దేశాలూ నాలుగు వేర్వేరు పిస్టళ్లు చేసుకున్నాయి. మకరోవ్‌లలో రష్యా, తూర్పు జర్మనీ, బల్గేరియా తయారీలకు మ్యాగజైన్లు మార్చుకోవచ్చు. బైకాల్ అనే రష్యన్ బ్రాండు పేరుతో అమ్మిన వాటిలో లావు పిడి ఉన్న రకం ఒకటి ఉంది, దానిది వేరు. తూర్పు జర్మనీ పిస్టల్ పనితనం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, సేకరించేవారు దానికే ఎక్కువ చెల్లిస్తారు. బల్గేరియాది కాల్చుకోవడానికి నమ్మకమైనది, ధరా తక్కువ. ఇంకొక జాగ్రత్త: మామూలు 9 మిల్లీమీటర్ల లూగర్ తూటా వీటికి వాడకూడదు. 9×18 తూటా తల దానికంటే కొంచెం లావు.

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధ కాలపు జర్మన్ పిస్టల్ వాల్తర్ పీ38 కొందామనుకుంటున్నాను. అమ్మే ఆయన దానితో పీ1 మ్యాగజైన్ ఇస్తున్నారు. పనిచేస్తుందా? విలువ తగ్గుతుందా?
– పాఠకుడు, నేపర్విల్, ఇల్లినాయి

జవాబు: పనిచేస్తుంది. పీ1 అంటే యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ సైన్యం అల్యూమినియం చట్రంతో చేయించుకున్న పీ38. మ్యాగజైన్లు రెండింటికీ సరిపోతాయి. విలువ తగ్గుతుందా అంటే తగ్గుతుంది. యుద్ధకాలపు గుర్తులున్న అసలు మ్యాగజైన్ విడిగా కొనాలంటే ఎంతవుతుందో కనుక్కుని, ఆ మొత్తం అడిగిన ధరలో తగ్గించమనండి. స్లైడ్ మీది తయారీ సంకేతం కూడా చూడండి. ఏసీ అని ఉంటే వాల్తర్, బీవైఎఫ్ అని ఉంటే మౌజర్, సీవైక్యూ అని ఉంటే స్ప్రేవెర్క్. స్ప్రేవెర్క్‌వి గరుకుగా కనిపిస్తాయి, అది యుద్ధకాలపు తొందర. ఎవరో పాడుచేశారని అనుకోకండి, పాలిష్ పట్టించే ఆలోచన అసలే వద్దు. అసలు పూత పోయిన పిస్టల్‌కు ఆ విలువ మళ్లీ రాదు.

మరో జర్మన్ పిస్టల్ లూగర్ పీ08 విషయంలో మ్యాగజైన్ మారితే విలువ తగ్గడం ఇంకా తీవ్రం. జర్మన్ సైన్యం మ్యాగజైన్ అడుగున పిస్టల్ సంఖ్యనే వేసేది. రెండో మ్యాగజైన్ అయితే సంఖ్యతో పాటు కూడిక గుర్తు కూడా ఉండేది. పిస్టల్, అదే సంఖ్య ఉన్న రెండు మ్యాగజైన్లు, తోలు సంచి అన్నీ కలిసి దొరికితే వాటిని విడదీసి అమ్మడం నా దృష్టిలో పాపం. ఒకసారి విడిపోయినవి మళ్లీ కలవవు.

ప్రశ్న: అమెరికా ప్రభుత్వం సైన్యపు 1911 నమూనా పిస్టళ్లు అమ్ముతోందని విన్నాను. నిజమేనా? ఎంత?
– పాఠకుడు, హంట్స్‌విల్, అలబామా

జవాబు: నిజమే. అమ్మేది సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ, మీ రాష్ట్రంలోనే ఆనిస్టన్‌లో ఉంది. 2018లో మొదలుపెట్టినప్పుడు స్థితిని బట్టి 850, 950, 1050 డాలర్లు ధర పెట్టారు. దాదాపు 19 వేల దరఖాస్తులు రావడంతో కంప్యూటర్ తీసిన వరుస సంఖ్య ప్రకారం పిలిచారు. వాటిలో చాలావాటికి ఒక కర్మాగారం చట్రం, మరో కర్మాగారం స్లైడ్ ఉంటాయి. సైన్యపు మరమ్మతు కేంద్రాల్లో విడదీసి, శుభ్రం చేసి, చేతికందిన భాగాలతో మళ్లీ బిగించినవి అవి. దాన్ని లోపంగా చూడకండి, అది ఆ పిస్టల్ చేసిన ఉద్యోగం. టైప్‌రైటర్లు చేసే రెమింగ్టన్ ర్యాండ్, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కూడా యుద్ధంలో ఈ పిస్టళ్లు తయారుచేశాయి. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ 500 మాత్రమే చేసింది, అందుకే దాని ధర మామూలు మనుషులకు అందదు. సింగర్ అంటూ ఎవరైనా చూపిస్తే నిపుణుడికి చూపించకుండా డబ్బు ఇవ్వకండి.

మ్యాగజైన్ల విషయంలో 1911 పెద్ద మనసున్నది. 7 తూటాల .45 మ్యాగజైన్ పాతదైనా కొత్తదైనా పడుతుంది. అడుగున తాడు కట్టే ఉంగరం ఉన్నది, లేదా పై భాగం తెల్లగా కింది భాగం నీలంగా ఉన్నది దొరికితే మొదటి ప్రపంచయుద్ధ కాలపు నమూనా అయి ఉండవచ్చు. దానిని భద్రపరచి, కాల్చడానికి కొత్తది వాడండి.

ప్రశ్న: కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ హై-పవర్ పిస్టల్ నా దగ్గర ఉంది. కాలిఫోర్నియాకు మారుతున్నాం. వెంట తీసుకెళ్లవచ్చా?
– పాఠకురాలు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: పిస్టల్ సంగతి అక్కడి లైసెన్సున్న డీలర్‌ను అడిగి తేల్చుకోండి. దానితో వచ్చిన మ్యాగజైన్ మాత్రం చిక్కు తెస్తుంది. అందులో 13 తూటాలు పడతాయి, కాలిఫోర్నియా హద్దు 10. న్యూయార్క్, న్యూజెర్సీల్లోనూ అంతే. హై-పవర్‌కు 10 తూటాల మ్యాగజైన్లు దొరుకుతాయి, అది తీసుకెళ్లండి. స్లైడ్ మీద ఆరు చైనా అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఈ పిస్టళ్లను మొదట చైనా ప్రభుత్వం కోసమే చేశారు, ఆ అక్షరాలకు సేకరించేవారిలో మంచి గిరాకీ ఉంది. మన సైన్యానికి ఇషాపూర్‌లో తయారయ్యే 9 ఎంఎం 1ఏ కూడా ఈ ఇంగ్లిస్ నమూనా నుంచి వచ్చిందే.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. పాత మకరోవ్ కొనవచ్చా?
– పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటి ఆధారంగా కొనే ముందు న్యాయవాదికి డబ్బిచ్చి అడగండి. వీసా పోతే పిస్టల్ ధర ఒక లెక్క కాదు. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత ఈ అడ్డు ఉండదు. అప్పుడు మీకు సేకరణ మీద నిజంగా ఇష్టం ఉంటే, 50 ఏళ్లు దాటిన తుపాకుల సేకరణకు ఇచ్చే టైప్ 03 లైసెన్సుకు దరఖాస్తు చేయండి. మూడేళ్లకు 30 డాలర్లు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా తమ్ముడికి జ్ఞాపకంగా ఖాళీ పీ38 మ్యాగజైన్ ఒకటి తీసుకెళ్లవచ్చా?
– పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దు. 1959 ఆయుధాల చట్టం ఆయుధాల భాగాలను కూడా ఆయుధాలుగానే లెక్కిస్తుంది. దిగుమతికి లైసెన్సు కావాలి. పైగా 9 మిల్లీమీటర్లు అక్కడ పౌరులకు నిషిద్ధ బోరు, అంటే పౌరులకు అనుమతి లేని గొట్టం కొలత. సంచిలో మరిచిపోయిన ఒక్క తూటాకే శంషాబాద్‌లో ఆపి కేసు పెడతారు. తమ్ముడికి మ్యాగజైన్ అడుగున ఉన్న గుర్తులు స్పష్టంగా కనిపించేలా మంచి ఫొటో తీసి పంపండి. నాకూ ఒకటి పంపితే అది ఎవరి తయారీయో వచ్చే సంచికలో చెబుతాను.