కడుతున్న చెక్క భవనం, నిప్పు జాగ్రత్త

చి. సూరిబాబుకు మావయ్య ఆశీస్సులు.

దిండిలో మూడంతస్తుల చెక్క రిసార్టు పని నీకు వచ్చిందని అక్కయ్య చెప్పింది. చెక్క భవనానికి పూర్తయ్యాక కంటే కడుతున్నప్పుడే నిప్పు గండం ఎక్కువ. మంటను ఆపే జిప్సం బోర్డు ఇంకా ఎక్కదు, తలుపులుండవు, స్ప్రింక్లర్లలో నీళ్లుండవు. కింద అంటుకుంటే మెట్ల గదే పొగగొట్టమవుతుంది. లావు దూలం పైపైన బొగ్గవుతూ కాసేపు నిలుస్తుంది గానీ, రెండంగుళాల చెక్కలు అంతసేపు ఆగవు.

ముందు వెల్డింగు సంగతి చూడు. స్తంభాల కింద ప్లేట్లు, బోల్టులు ఉంటాయి కాబట్టి వెల్డింగు, గ్రైండింగు తప్పవు. వీలైనంత వరకు షెడ్డులోనే చేయించి తెప్పించు. సైటులో చేయాల్సొస్తే చుట్టూ 35 అడుగుల మేర పొట్టు, తుక్కు ఊడ్పించు. తీయలేని చెక్కకి మంటకాగని దుప్పటి కప్పించు. రవ్వలు పలకల సందుల్లోంచి కింది అంతస్తులోకి జారతాయి. అందుకే ఒక మనిషి పైన, ఇంకొకడు కింద నీళ్ల బకెట్టుతో ఉండాలి. పని ఆగాక గంటసేపు అక్కడే కాపలా ఉండాలి. అమెరికాలో అగ్ని భద్రత ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ వాళ్లూ అదే చెబుతారు. రంపపు పొట్టులో పడ్డ రవ్వ మంట లేకుండా గంటల తరబడి రాజుకుంటుంది, జనం వెళ్లిపోయాక లేస్తుంది. కాబట్టి పని దిగడానికి రెండు గంటల ముందే వెల్డింగు కట్టేయించు. తొందరలో ఉన్నామని మేస్త్రి ఎంత బతిమాలినా సరే.

ప్లగ్గు లేని వైరు కొసల్ని సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు చూడు, అలా చేసినవాణ్ణి ఆరోజే పనిలోంచి పంపెయ్. వదులు జాయింటు వేడెక్కితే ఎంసీబీ పడదు, అది కరెంటు మితిమీరితేనే పడే స్విచ్. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పే వాడించు. సాయంత్రం మెయిన్ స్విచ్ దింపాకే గేటుకు తాళం.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని కుప్ప పోస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మూతున్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయించు. థిన్నర్, గ్యాస్ సిలిండర్లు భవనంలో ఉంచొద్దు. తుక్కు ఏ రోజుది ఆ రోజే బయటికి.

నీళ్ల దగ్గరే చాలామంది మోసపోతారు. పక్కనే పంట కాలవ ఉందనుకుంటారు, వేసవిలో కాలవలు కట్టేస్తారు. వశిష్ఠ గోదావరి ఉందంటావా, పాటు వేళ నీరు తగ్గి పంపు పైపు కొసన ఉండే ఫుట్‌వాల్వు బురదలో దిగబడుతుంది. 5,000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టు. నిమిషానికి 200 లీటర్లు తోడితే 50 నిమిషాలు వస్తాయి. పంపు డీజిల్‌దై ఉండాలి, మంటొస్తే ముందు తీసేది కరెంటే. వారానికోసారి స్టార్ట్ చేయించు. అంతస్తు లేచేకొద్దీ నీళ్ల పైపు కూడా లేవాలి, ఆఖర్న వేద్దామనుకోకు.

ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర మంటలార్పే 9 లీటర్ల నీటి సిలిండరు, కరెంటు ప్యానెల్ దగ్గర సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు ఉంచు. పౌడరు సిలిండరు మంటను అణుస్తుంది గానీ చెక్కలోని కణికను చల్లార్చదు.

గట్టు దారి 20 అడుగులు ఖాళీగా ఉండేలా చూడు, ఇసక, కలప దాని మీద దింపనివ్వకు. తూము మీదుగా నీళ్లతో నిండిన ఫైరింజను వెళ్లగలదో లేదో, ఫైర్ స్టేషనువాళ్లను పిలిచి ఇప్పుడే చూపించు. రాత్రి వాచ్‌మన్ పొగ చూస్తే ముందు 101కి చేయాలి, నీకు ఆ తర్వాతే.

ఇట్లు,
మావయ్య