'ఐ వర్క్‌డ్ హార్డ్లీ' అంటే ఎందుకు తప్పు?

క్విక్‌కి క్విక్లీ, స్లోకి స్లోలీ ఉన్నప్పుడు హార్డ్‌కి హార్డ్లీ ఎందుకు కాకూడదని కదా మీ ప్రశ్న. శ్రీకాకుళంలో బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు.

హార్డ్ అన్న మాటే క్రియావిశేషణంగా కూడా పనిచేస్తుంది. కష్టపడితే 'వర్క్ హార్డ్', వాన దంచికొడితే 'ఇట్ రెయిన్డ్ హార్డ్'. ఎల్‌వై తగిలించక్కర్లేదు. తగిలిస్తే వేరే మాటైపోతుంది: హార్డ్లీ అంటే 'దాదాపు లేనట్టే'. మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి 'ఐ ప్రిపేర్డ్ వెరీ హార్డ్లీ' అంది. తెల్లారకముందే లేచి చదివే పిల్ల. అర్థం చెప్పగానే "అయితే నాను చదవనేదని నానే చెప్పీసినానా మాస్టారూ!" అని నెత్తి కొట్టుకుంది.

అలాగని మీ తర్కం తీసిపారేసేది కాదు. ఒకప్పుడు హార్డ్లీకి 'గట్టిగా, కష్టంగా' అనే అర్థం ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ మత్తయి సువార్తలో ధనవంతుడు పరలోకరాజ్యంలోకి 'షల్ హార్డ్లీ ఎంటర్' అని ఉంది. మన తెలుగు బైబిల్లో అక్కడ 'దుర్లభము' అని ఉంటుంది. కష్టంగా జరిగేది అరుదుగానే జరుగుతుంది కదా, అలా అర్థం జారుతూ జారుతూ 'జరగనట్టే' దాకా వచ్చింది. ఇప్పుడు పాత అర్థంలో వాడితే ఎవరికీ ఎక్కదు.

హార్డ్లీలోనే 'లేదు' దాగి ఉంది, కాబట్టి పక్కన ఇంకో నాట్ పెట్టకండి. 'ఐ డోంట్ హార్డ్లీ నో హిమ్' కాదు, 'ఐ హార్డ్లీ నో హిమ్'. ముఖపరిచయం తప్ప పెద్దగా తెలియదని. నోబడీ, నెవర్ కూడా దీంతో పొసగవు. 'హార్డ్లీ ఎనీబడీ', 'హార్డ్లీ ఎవర్' అనాలి. మనం 'చాలీచాలని జీతం' అంటామే, ఆ జీతం 'హార్డ్లీ ఇనఫ్'.

పరీక్షల్లో అసలు దెబ్బ కొట్టేది ఇంకోచోట. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో (పేరుకే శ్రీకాకుళం, ఉండేది ఆమదాలవలసలో) రైలు ఆగిందో లేదో ఆటోవాళ్ళు చుట్టుముట్టేశారు అనుకోండి. ఆ 'ఆగిందో లేదో'కి ఇంగ్లీషులో 'హార్డ్లీ హాడ్ ద ట్రెయిన్ స్టాప్డ్ వెన్...' అని రాస్తారు. హార్డ్లీ ముందుకొస్తే హాడ్ కూడా కర్త కన్నా ముందుకి దూకుతుంది. తర్వాత రావలసింది వెన్. ఎర్రర్ స్పాటింగ్‌లో (వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో) అక్కడ 'దాన్' (than) పెట్టి బోల్తా కొట్టిస్తారు. ఇదే అర్థమిచ్చే 'నో సూనర్'కి 'దాన్' సరే, ఎందుకంటే సూనర్ అంటేనే 'కంటే ముందు' అనే పోలిక. హార్డ్లీలో పోలిక లేదు. ఈ కారణం పట్టుకుంటే బట్టీ పట్టే పని తప్పుతుంది.

వాక్యంలో చోటంటారా, అసలు క్రియకి ముందు, కెన్, హావ్ లాంటి సహాయక క్రియలకి తర్వాత. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు ఫోన్లో 'ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ' అంటాం కదా, అలాగ. లేట్, లేట్లీలదీ ఇదే వరస: ఆలస్యంగా వస్తే 'ఐ కేమ్ లేట్', లేట్లీ అంటే 'ఈమధ్య'.