పాత షెవీ 350 (షెవర్లే V8 ఇంజిన్)లో క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చాలంటే టైమింగ్ గేర్లు, చైన్ అన్నీ ఊడదీయాలా?

అన్నీ అక్కర్లేదండి. పాత చైన్ సెట్టే మళ్లీ వాడేటట్టయితే క్రాంక్ గేర్‌ని (కింది గేర్) ముట్టుకోకండి, పై గేర్ (క్యామ్ గేర్), చైన్ వస్తే చాలు (చైన్ సాగిపోయి ఉంటే మాత్రం సెట్ మొత్తం మార్చేయడమే బెటర్). వాటర్ పంప్ తర్వాత బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు ఉండే, అదురు తగ్గించే చక్రం) తీస్తారు కదా, దానికి బోల్టులతో పట్టే పుల్లరే వాడాలి, మూడు కాళ్ల పుల్లర్‌తో బయటి రింగ్ పట్టి లాగితే మధ్యలో రబ్బరు ఊడి పాడైపోద్ది. టైమింగ్ కవర్ తీశాక క్రాంక్ తిప్పి, క్యామ్ గేర్ చుక్క కిందికి, క్రాంక్ గేర్ చుక్క పైకి ఎదురెదురుగా పెట్టుకుని అప్పుడే క్యామ్ గేర్ మూడు బోల్టులు విప్పండి, ఇక క్రాంక్ కదపొద్దు. ఆ పొజిషన్‌లో ఫైరింగ్‌కి వచ్చేది 6వ సిలిండర్, 1 కాదు, డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకి స్పార్క్ పంచేది) తిరిగి పెట్టేటప్పుడు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. డిస్ట్రిబ్యూటర్, లిఫ్టర్లు (క్యామ్ మీద ఆనుకుని ఉండేవి) బయటికి రాకుండా క్యామ్ లాగొద్దు. క్యామ్ ముందు భాగంలో పొడవు బోల్టు ఒకటి బిగించి పట్టుకుంటే బేరింగులకి గీతలు పడకుండా మెల్లగా వచ్చేస్తుంది.