80 లక్షల జీతం, మారుమూల ఇండోనేషియా పల్లె: అబ్బాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది దమ్మపేట దగ్గర పల్లె. ఎనిమిది ఎకరాల పామాయిల్ తోట ఉంది. మా అబ్బాయి ఈ ఏడాదే బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేశాడు. ఇండోనేషియాలో మధ్య కలిమంతాన్ అనే చోట పామాయిల్ ఎస్టేట్‌లో అసిస్టెంట్ ఉద్యోగం ఉందని, నెలకు 80 లక్షల రుపియాల జీతమని ఒక ఏజెంట్ చెబుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్లాలట, అక్కడికి వెళ్లాక వర్క్ పర్మిట్ చేయిస్తారట. అంతా కలిపి 2,40,000 రూపాయలు అవుతుందంటున్నాడు. అబ్బాయి ఉత్సాహంగా ఉన్నాడు, వాళ్లమ్మకు మాత్రం ఒకటే టెన్షన్. అది బాగా మారుమూల పల్లె అంటున్నారు. అక్కడ బతుకు ఎలా ఉంటుంది? భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ముందు ఆ 80 లక్షల సంగతి తేల్చేద్దాం. మన రూపాయికి దాదాపు 190 రుపియాలు వస్తాయి. అంటే ఆ జీతం మన లెక్కలో నెలకు 42,000 చిల్లర. తీసిపారేసే మొత్తం కాదు. కానీ ‘లక్షలు’ అన్న మాట విని ఇంట్లో ఎవరైనా మేడ మీద మేడ లెక్కలు వేస్తుంటే ఆపించండి. ఆ రాష్ట్రంలో 2025కి ప్రభుత్వం పెట్టిన కనీస వేతనమే నెలకు 34 లక్షల 70 వేల పైచిలుకు రుపియాలు. గెలలు కోసే కూలీ కూడా అక్కడ లక్షల్లోనే జీతం తీసుకుంటాడు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది. వాళ్లకు మీవాడితో పనేమిటి?

ఇండోనేషియాలో పామాయిల్ తోటలు 1 కోటి 60 లక్షల హెక్టార్ల దాకా ఉన్నాయి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ నూనె తీసేది వాళ్లే. 1848లో బోగోర్ బొటానికల్ గార్డెన్‌లో నాలుగు మొక్కలు నాటినప్పటి నుంచి ఆ పంట వాళ్ల చేతుల్లో ఉంది. తోటల యాజమాన్యమే చదువుగా నేర్పే కాలేజీలు యోగ్యకర్తలో ఉన్నాయి. బోగోర్‌లో పెద్ద వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. అసిస్టెంట్ పోస్టులకు ఏటా బయటికొచ్చే ఆ పిల్లలే పోటీ పడుతుంటారు. భాష రాని, అనుభవం లేని కుర్రాణ్ని దమ్మపేట నుంచి పిలిపించుకోవాల్సిన అవసరం ఏ కంపెనీకి వస్తుంది?

చట్టం కూడా ఒప్పుకోదు. అక్కడ విదేశీయుణ్ని పనిలో పెట్టుకోవాలంటే కంపెనీ ముందుగా కార్మిక శాఖ నుంచి ఆర్‌పీటీకేఏ అనే అనుమతి తెచ్చుకోవాలి. ఆ మనిషికి ఉద్యోగానికి తగ్గ చదువు ఉండాలి, దానితోపాటు కనీసం ఐదేళ్ల అనుభవమో, నైపుణ్య సర్టిఫికెటో ఉండాలి. అతని తలకు నెలకు 100 డాలర్ల చొప్పున కంపెనీ ప్రభుత్వానికి కట్టాలి. అతని పక్కన పని నేర్చుకోవడానికి ఒక ఇండోనేషియా ఉద్యోగిని చూపించాలి. ఇవన్నీ అయ్యాకే వీసా, ఆ తర్వాత కితాస్ అనే నివాస అనుమతి. పని నేర్పడానికి విదేశీయుణ్ని రానిస్తారు గానీ, పని నేర్చుకోవడానికి కాదు. విజిట్ వీసా మీద వెళ్లి తోటలో పనిచేస్తూ పట్టుబడితే ఇమిగ్రేషన్ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, 50 కోట్ల రుపియాల దాకా జరిమానా ఉన్నాయి. వెనక్కి పంపేసి, మళ్లీ రాకుండా పేరు రాసుకోవడం సర్వసాధారణం. అప్పుడు ఏజెంట్ ఫోన్ ఎత్తుతాడా?

కాబట్టి ఈ ఆఫర్ మీద వెళ్లొద్దు. కానీ మీరు బతుకు గురించి అడిగారు, అది అడగాల్సిన ప్రశ్నే. ఐదారేళ్ల తర్వాత మీవాడు సరైన దారిలో వెళ్లినా వెళ్లాల్సింది అలాంటి ఊరికే.

నా దగ్గర సలహా తీసుకున్న ఒకతను, ఫ్యాక్టరీ ఇంజనీరు, ఇక్కడ ఏడేళ్లు పనిచేశాక వెళ్లి మధ్య కలిమంతాన్‌లో రెండేళ్లు ఉండి వచ్చాడు. సంపిత్ పట్నం నుంచి ఎస్టేట్‌కు ఎండాకాలంలో ఐదు గంటల ప్రయాణమట. వాన పడితే ఎన్ని గంటలో డ్రైవరే చెప్పలేడు. ఎర్రమట్టి రోడ్డు సబ్బులా మారిపోతుంది. ఓసారి గెలల లారీ అడ్డంగా దిగబడితే రాత్రంతా జీపులోనే పడుకున్నాడు. ముందున్న లారీ డ్రైవర్లు మాత్రం అన్నం వండుకుని, ఎండుచేప కాల్చుకుని, ఇతన్నీ కూర్చోబెట్టి పెట్టారట. క్వార్టర్లలో కరెంటు జనరేటర్‌ది. పగలు కొన్ని గంటలు ఉండదు. ఫోన్ సిగ్నల్ కోసం ఫలానా దిబ్బ ఎక్కాలి. సాయంత్రం ఆ దిబ్బ మీద సగం కాలనీ ఉండేదట, ఎవరి ఇంటివాళ్లతో వాళ్లు మాట్లాడుకుంటూ.

అసిస్టెంట్ రోజు తెల్లవారుజామున ఐదింటికో, ఐదున్నరకో హాజరుతో మొదలవుతుంది. అతని కింద ఉండే విభాగాన్ని అఫ్దెలింగ్ అంటారు, అదొక్కటే ఆరేడు వందల హెక్టార్లు ఉంటుంది. మీ తోట మూడుంపావు హెక్టార్లు దాటదు కదా, మీరే ఊహించుకోండి. మందోర్లు, అంటే మేస్త్రీలు, కూలీలను బ్లాకులకు పంచుతారు. చెట్లు పొట్టిగా ఉన్నచోట ఉలిలాంటి దోదోస్, ఎత్తుగా ఉన్నచోట గెడకు కట్టిన కొడవలి, దాని పేరు ఎగ్రెక్. మీ తోటలో వాడేదే. తేడా ఏంటంటే అక్కడ రాలిన పళ్లు ఎన్ని ఏరకుండా వదిలేశారో అసిస్టెంట్ చెట్టు కింద వంగి లెక్క చూస్తాడు. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది, ఆ మాట కూడా అతనే పడాలి. డిగ్రీలో భాగంగా రైతుల దగ్గర ఉండి నేర్చుకునే రావెప్ శిక్షణలో ఊళ్లో ఉన్న నాలుగు నెలలూ దీనికి సరిపోతాయని మీవాడు అనుకోవచ్చు. అప్పుడు అతను అడిగి రాసుకున్నాడు. అక్కడ చేయించాలి, అదీ తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్ల చేత, వాళ్ల భాషలో.

భాష అంత కష్టం కాదు, ఇది మంచి కబురే. ఇంగ్లిష్ అక్షరాలతోనే రాస్తారు, కాలాన్ని బట్టి క్రియ మారదు. మనకు తెలిసిన సంస్కృతం మాటలూ చాలా తగులుతాయి. భాషను బహాస అంటారు, గురువు గురునే. ఊరు ‘దెస’, తల ‘కెపాల’, ఊరి పెద్ద ‘కెపాల దెస’. భర్తను ‘సుఆమి’ అంటారని విని మా ఇంజనీరు భార్య చాలా రోజులు నవ్విందట. పెద్ద వయసు మగవాళ్లను పేరు ముందు ‘పాక్’ అనకుండా పిలవకూడదు, గొంతు పెంచకూడదు. నలుగురిలో మేస్త్రీని కసిరితే మర్నాడు పని జరగదు.

జనం విషయానికొస్తే అక్కడి ఆదివాసులైన దయక్కులు, ఆ దీవికే చెందిన బంజార్లు, ప్రభుత్వం ఒకప్పుడు జావా నుంచి తెచ్చి స్థిరపరిచిన కుటుంబాలు అంతా కలిసే ఉంటారు. దయక్కుల పాత మతం కహరింగాన్‌ను 1980లో హిందూ మతం కింద గుర్తించారు. కాగితం మీద హిందువులే కదా అని గుడి, ప్రసాదం ఆశించి వెళ్తే నిరాశే, వాళ్ల పూజ వేరు. తిండి అన్నమే. పక్కన చేప, సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే, కారం నూరిన సంబల్. పూర్తి శాకాహారికి కష్టం, మిగతావాళ్లకు పచ్చడి సీసా ఉంటే చాలు. ఆస్పత్రి అంటే మండల స్థాయిలో ఉండే పుస్కెస్మాస్, మన పీహెచ్‌సీ లాంటిదే. ఊళ్లో మంత్రసాని నర్సు ఉండొచ్చు. అంతకుమించి ఏది కావాలన్నా మళ్లీ ఆ ఎర్రమట్టి రోడ్డే. జీతాల రోజున మాత్రం కాలనీ ముందు సంత వాలిపోతుంది. బట్టలు, సెల్‌ఫోన్ కవర్లు, ఐస్‌క్రీములు, అప్పులవాళ్లు అందరూ ఒకేసారి. రెండు రోజుల తర్వాత చూస్తే ఖాళీ నేల.

అలాంటి ఊళ్ల భవిష్యత్తు ఆ పంట మీదే నడుస్తోంది. 2015 నుంచి ప్రభుత్వం ప్రతి ఊరికీ నేరుగా నిధులిస్తోంది, వాటితో సిమెంటు దారులు, వంతెనలు కొన్ని వచ్చాయి. కానీ ఊరి కుర్రాళ్లకు దొరికేది ఎస్టేట్‌లో పనే. చదువుకున్నవాళ్లు రాష్ట్ర రాజధాని పాలంకరాయకో జావాకో వెళ్లిపోతారు. గెల రేటు పడితే కిరాణా కొట్టు కూడా మూగబోతుంది. 2022 ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఆ దేశం పామాయిల్ ఎగుమతులు ఆపేసినప్పుడు అక్కడి చిన్న రైతులు గెలలు కొనేవాళ్లు లేక గోలపెట్టారు. అదే సమయంలో మీ గెల రేటు ఎక్కడికి ఎక్కిందో మీకు గుర్తుండే ఉంటుంది. రెండు ఊళ్లూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి మరి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కంపెనీలు చుట్టుపక్కల జనానికి 20 శాతం మేర తోట వేసి ఇవ్వాలనే నిబంధన ఉంది, దాన్ని ప్లాస్మా అంటారు. ఇవ్వలేదనో, తక్కువ ఇచ్చారనో గొడవలు ఎక్కువ. కోపమొస్తే ఊరివాళ్లు రోడ్డుకు కర్ర అడ్డం కట్టేస్తారు. అప్పుడు ఆ కర్ర దగ్గర నిలబడాల్సింది జకార్తాలోని డైరెక్టర్ కాదు, అసిస్టెంటే. ఎండలు ముదిరిన ఏళ్లలో, 2015లోనూ 2019లోనూ జరిగినట్టు, పీట్ నేలలు, అంటే కుళ్లిన చెట్టూచేమా పేరుకున్న బురద నేలలు, అంటుకుని వారాల తరబడి పొగ కమ్ముతుంది. ఆస్తమా ఉన్న పిల్లాడైతే నేను అసలే పంపమనను.

మరి మీవాడేం చేయాలి? పామాయిల్ మీద ఇష్టం నిజమైతే ఈ విషయంలో మీ జిల్లా అబ్బాయి అంత అదృష్టవంతుడు లేడు. అశ్వారావుపేట ఫ్యాక్టరీ దగ్గరే ఉంది. ఏలూరు పక్కన పెదవేగిలో దేశం మొత్తానికి ఉన్న ఒకే ఒక ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ ఉంది. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ సాగు పెంచే జాతీయ పథకం పెట్టాక కంపెనీలన్నీ కొత్త జిల్లాల్లో ఫీల్డ్ సిబ్బందిని తీసుకుంటున్నాయి. మొదటి జీతం చిన్నదే, మోటారు సైకిల్ మీద తిరుగుడు ఎక్కువ. అయినా అందులో ఐదేళ్లు ఉంటే ఆర్‌పీటీకేఏ అడిగే అనుభవం అదే. ఈలోగా రోజుకు అరగంట బహాస నేర్చుకోమనండి. అక్కడ విదేశీయులకు నిజంగా చోటున్నది ఫ్యాక్టరీ యంత్రాలు, పద్దులు, మొక్కల పోషణ, సర్టిఫికేషన్ తనిఖీ లాంటి వాటిలో. ఎమ్మెస్సీ చేయాలనుకుంటే నేలలూ ఎరువుల వైపు చూడమంటాను, ఇది నా సొంత అభిప్రాయం.

వాళ్లమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది, అయితే భయపడాల్సింది ఆ ఊరి గురించి కాదు, ఆ విజిట్ వీసా గురించి.

ఏజెంట్‌ను మాత్రం ఊరికే వదలొద్దు. అతని లైసెన్సు నంబరు అడిగి విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంట్ సర్వీసు కింద తీసుకోగలిగింది 30,000, దాని మీద జీఎస్టీ. మీవాడి పేరున్న ఆర్‌పీటీకేఏ కాపీ అడగండి. ఉందంటే నాకు పంపండి, చదివి చెబుతాను. అడ్వాన్స్ ఇప్పటికే ఇచ్చి ఉంటే గొడవకు దిగకముందే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన వివరాలు భద్రం చేసుకోండి. పాస్‌పోర్టు గనక అతని దగ్గరే ఉంటే, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అది వెనక్కి తెచ్చుకోండి.