తలుపు మీద హృదయం గుర్తు ఉంటే వాయిసీ డిజైనేనా?

పాత ఓక్ రైటింగ్ క్యాబినెట్, తలుపులో హృదయం ఆకారపు కోత, రాగి మడతబందులు. అమ్మేవాళ్లు "వాయిసీ డిజైన్" అంటే నమ్మొచ్చా అని కదా ప్రశ్న.

తొందరపడకండి. ఇంగ్లిష్ ఆర్కిటెక్టు, ఫర్నిచర్ డిజైనర్ సి.ఎఫ్.ఎ. వాయిసీకి ఆ హృదయం ఇష్టమే, కానీ 1900 ప్రాంతంలో ఇంగ్లండులో అది అందరి సొత్తయిపోయింది. లండన్ లిబర్టీ దుకాణమైతే డిజైనర్ల పేర్లు సాధారణంగా బయటపెట్టేదే కాదు. అక్కడే వస్తుంది చిక్కంతా.

టార్చి వేసి తాళం చూడండి. "ఎస్ అండ్ పి, బి" అని ముద్ర ఉంటే బార్న్‌స్టేపుల్‌లోని షాప్‌లాండ్ అండ్ పెటర్ అనే ఫర్నిచర్ కంపెనీ సరుకు. అదైనా చేసినవాళ్ల పేరే, గీసినవాళ్లది కాదు. వాయిసీ డ్రాయింగులు చాలావరకు లండన్‌లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా దగ్గరున్నాయి. వాటితో కొలతలు కలవకపోతే, బిల్లు మీద "వాయిసీ శైలి" అని రాయించుకుని ఆ ధరే ఇవ్వండి.