గులాబీ మొగ్గలకు జింకల బెడద

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి మనసు ఉసూరుమంది. నెలల తరబడి కంటికి రెప్పలా చూసుకున్న గులాబీలు, తీరా మొగ్గ విచ్చే వేళకు ఒక్క రాత్రిలో మోడైపోతే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకూ రెండుసార్లు అయింది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. జింకకు నీ తోట దారి ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. చేసేదేదో ఈ వారంలోనే చెయ్యి.

ముందు వచ్చింది జింకేనా అన్నది తేల్చుకో. కొరికిన కొమ్మను వేళ్ళతో పట్టుకుని చివర చూడు. జింకకు పైదవడలో ముందు పళ్ళు ఉండవు. కొమ్మను కింది పళ్ళకూ పైదవడ చిగుళ్ళకూ మధ్య అదిమి, తల విదిలించి లాగుతుంది. అందుకే తెగినచోట పీచులు వేలాడుతూ గరుగ్గా ఉంటుంది. కత్తితో ఏటవాలుగా కోసినంత నున్నగా ఉంటే అది కుందేలు పని. కుందేలుకు నేల దగ్గరి కొమ్మలే అందుతాయి. జింక మెడ చాస్తే ఆరడుగుల దాకా తినేస్తుంది. తడి మట్టిలో రెండుగా చీలిన గిట్టల గుర్తులు, నల్లటి గింజల్లాంటి పెంటికలు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

అది నీ తోటకే ఎందుకు వస్తోందని అడిగావు. నువ్వు ఎరువు వేసి, నీళ్ళు పోసి పెంచిన చిగురు బయటి ఆకు కంటే లేతగా, రసంగా ఉంటుంది కదా. కత్తిరింపు అయ్యాక వచ్చే కొత్త చిగుళ్ళప్పుడు, నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి నాటిన మొదటి వారాల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి.

నా మాట వింటే డబ్బు ముందు కంచె మీద పెట్టు. మిగతావన్నీ దాని తర్వాతే. నేను మొదట్లో నాలుగడుగుల కంచె కట్టించి నిశ్చింతగా పడుకున్నాను. జింక దాన్ని గడప దాటినంత తేలిగ్గా దాటింది. ఎనిమిది అడుగులు ఉంటేనే నమ్మకం. అంత ఎత్తు కుదరకపోతే నాలుగైదు అడుగుల కంచెలు రెండు, మధ్యలో నాలుగడుగుల ఎడం ఉంచి కట్టించు. ఎత్తు, దూరం రెండూ ఒకేసారి దాటాలంటే జింక జంకుతుంది, ఆ ఇరుకులోకి దూకడానికీ ఇష్టపడదు. అవతల ఏముందో కనిపించని తడికల్లాంటి కంచె కాస్త తక్కువ ఎత్తున్నా పనికొస్తుంది. కంచె అడుగు నేలకు ఆని ఉండాలి, సందు దొరికితే కిందినుంచీ దూరుతుంది. వల కడితే బిగుతుగా లాగి కట్టి, అక్కడక్కడ తెల్ల గుడ్డ పేలికలు వేలాడదియ్యి. వదులు వలలో కొమ్ములూ కాళ్ళూ చిక్కుకుంటే పాపం ఆ జీవి పెనుగులాడి చచ్చిపోతుంది. ఇంట్లో కరెంటు తెచ్చి కంచెకు కలపమని ఎవరైనా చెప్తే అస్సలు వినకు తల్లీ, మనుషుల ప్రాణాలు పోతాయి.

కంచె పూర్తయ్యేదాకా నీకు ప్రాణమైన మొక్కల చుట్టూ ఇనుప జాలీని గుండ్రంగా నిలబెట్టు. మొక్కకూ జాలీకీ మధ్య రెండడుగులైనా ఉండాలి, లేకపోతే మెడ చాచి అందుకుంటుంది.

ఇక స్ప్రే సంగతి. నాకు బాగా పనిచేసింది కోడిగుడ్డు. ఒక పాలు గుడ్డు సొనకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి బాగా గిలకొట్టు. తర్వాత పలుచటి గుడ్డలో వడకట్టు. తెల్లసొనలో దారంలా ఉండే ముద్దలు వడకట్టకపోతే స్ప్రేయర్ నోరు పూడుకుపోతుంది, సగం పనిలో ఆగి పిన్నుతో పొడుచుకోవాలి. ఎండ తగ్గాక, ఆకులు పొడిగా ఉన్నప్పుడు కొట్టు. మనకు కాసేపటికి తెలియదు గానీ జింక ముక్కుకు ఆ కుళ్ళు వాసన అందుతూనే ఉంటుంది. వాన పడితే మళ్ళీ కొట్టాలి. కొత్త చిగురుకు పాత మందు అంటదు కాబట్టి చిగురు వచ్చినప్పుడల్లా కొట్టాలి. నేను రెండు మూడు వారాలకోసారి మానకుండా చేస్తాను, అప్పుడప్పుడూ గుడ్డు బదులు మిరపకాయ నీళ్ళు వాడతాను. ఒకే వాసన అయితే దానికీ అలవాటైపోతుంది.

సబ్బు ముక్కలు, వెంట్రుకల మూటలు కట్టమని చాలామంది చెప్తారు. కట్టి చూశాను, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వచ్చాయి. కదలిక పసిగట్టి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ మేలు. దాని చోటు మాత్రం మారుస్తూ ఉండు.

మొక్కలు నాటే తీరు కూడా కాస్త మార్చు. గులాబీ, టులిప్ లాంటివి జింకలకు మహా ఇష్టం, వాటిని ఇంటి గోడ వైపు పెట్టు. బయటి వరసలో రోజ్‌మేరీ, పుదీనా, లావెండర్ లాంటి ఘాటు వాసనవి, లాంటానా లాంటి గరుకు ఆకువి వెయ్యి. గన్నేరునూ జింకలు చాలావరకు ముట్టవు గానీ దానిలో ప్రతి భాగమూ విషమే, పిల్లలు తిరిగే చోట వద్దు. ఆకలి ఎక్కువైతే ఏ మొక్కనైనా కొరికి చూస్తాయి, కాబట్టి వీటిని నమ్ముకుని కంచె మానెయ్యకు.

రేపు తెల్లవారగానే, మొక్కలకు నీళ్ళు పెట్టకముందే తోట చుట్టూ ఒకసారి తిరుగు. గిట్టల గుర్తులు ఏ వైపు నుంచి లోపలికి వచ్చాయో చూసి నాకు రాయి. జింకలు వచ్చిన దారినే మళ్ళీ వస్తాయి. కంచె పని ఆ వైపు నుంచే మొదలుపెడదాం.

ప్రేమతో,
పెద్దమ్మ