ప్రకృతి కవితలో చెట్టు చెట్టేనా, ఇంకేదైనానా?

"ఆధునిక ప్రకృతి కవితల్లో చెట్టు, పువ్వు, నది దేనికి ప్రతీకలో ఎలా పట్టుకోవాలి? నాకు వర్ణన మాత్రమే కనిపిస్తుంది, గైడు తెరిస్తే ఇంకేదో రాసి ఉంటుంది" అని అడిగారు. డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ఏటా ఎదురయ్యేదే. మీకు వర్ణన కనిపించడం లోపమేమీ కాదు, మొదలుపెట్టాల్సింది అక్కడే. ఎరుపు అంటే విప్లవం, మోడు అంటే ముసలితనం, వాన అంటే ఆశ అంటూ గైడులో ఉండే జాబితా మాత్రం పక్కన పడేయండి. అలాంటి జాబితా ఏ కవి దగ్గరా ఉండదు.

మోదుగుపువ్వునే తీసుకోండి. "విద్యాహీనా న శోభంతే నిర్గంధా ఇవ కింశుకాః" అని సంస్కృత సుభాషితం ఉంది. ఎంత అందం, ఎంత వంశం ఉన్నా చదువు లేనివాళ్లు వాసన లేని మోదుగుపూల్లాంటివాళ్లని దాని భావం. అదే పువ్వు ఇరవయ్యో శతాబ్దపు తెలంగాణ సాహిత్యానికి వచ్చేసరికి తిరుగుబాటుకు గుర్తయింది. నిజాం కాలపు తెలంగాణ మీద రాసిన నవలకు దాశరథి రంగాచార్య పెట్టుకున్న పేరు 'మోదుగుపూలు'. అక్కడ వాసన సంగతి ఎవరికీ పట్టలేదు. ఎండాకాలం ముంగిట ఆకంతా రాలిపోయి, కొమ్మలు బోడిగా నిలబడ్డప్పుడు మోదుగు ఒక్కసారిగా ఒళ్లంతా పూస్తుంది. దూరం నుంచి చూస్తే అడవి అంటుకుందేమో అనిపిస్తుంది. ఏమీ మిగల్లేదనుకున్న చోట మంట లేవడం, అదీ ఆ రచయితలకు కావలసిన గుణం. పువ్వు మారలేదు, దానిలోంచి ఏరుకున్నది మారింది. కాబట్టి "ఇది దేనికి ప్రతీక?" అని అడిగే ముందు "దీనికున్న ఇన్ని లక్షణాల్లో కవి ఏది తీసుకున్నాడు, ఏది వదిలేశాడు?" అని అడగండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఒకసారి క్లాసులో ఇదే చెబుతుంటే ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, "సార్, మాకైతే మోదుగంటే హోలీ రంగు, విస్తరాకులు" అన్నాడు. పూలు నీళ్లలో వేసి మరిగిస్తే కాషాయం కలిసిన పసుపు రంగు దిగుతుందట. వాళ్ల నాయనమ్మ మూడేసి ఆకులు కలిపి పుల్లలతో విస్తళ్లు కుట్టేదట. పుస్తకంలో విప్లవం అని రాసి ఉన్నందుకు ఆ రెండూ తప్పైపోవు. మోదుగు ఆకులు కుట్టుకుని బతికే మనిషి గురించి ఎవరైనా కవిత రాస్తే, అందులోని ఎరుపును వెంటనే జెండా రంగు అనేయడానికి నాకు మనసొప్పదు.

రెండోది, ఏ ఊరి నుంచి చూస్తున్నారన్నది. నాది అనంతపురం జిల్లా, పెన్న ఒడ్డు. మేము చిన్నప్పుడు ఏరు దాటడమంటే ఇసుకలో నడవడమే. మధ్యాహ్నమైతే కాళ్లు కాలేవి. నీళ్లు కావాలంటే ఇసుక తోడి చెలమ తీసేవాళ్లు. మొదట బురదనీళ్లు ఊరేవి, వాటిని ముంతతో పారబోసి, కాసేపు ఆగి, తేరిన నీళ్లు ముంచుకునేవాళ్లు. విద్వాన్ విశ్వం కావ్యం 'పెన్నేటి పాట' మాకు పాఠంగా వచ్చినప్పుడు మా వాళ్లెవరికీ వివరణ అవసరం పడలేదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు ఇప్పుడు అదే చెబితే, ఎండిన నది దేనికో ప్రతీక అయి ఉండాలని వెతుకుతారు. ఆశలు ఎండిపోవడం అంటారు, సంస్కృతి క్షీణించడం అంటారు. నది అంటే నీళ్లుంటాయన్నది వాళ్ల అనుభవం మరి. కానీ ఆ కావ్యంలో ఇసుక ముందుగా ఇసుకే. కరువు నిజంగా కరువే. అది ఒప్పుకున్నాకే, ఒకప్పుడు నిండుగా పారిన ఏటిని తలుచుకోవడంలో ఉన్న కడుపుమంట తెలుస్తుంది.

ఇక అందరికీ తెలిసిన కృష్ణశాస్త్రి గీతం, "ఆకులో ఆకునై పూవులో పూవునై". 'కృష్ణపక్షం' అనే ఆయన కవితా సంపుటిలోది. ఆయన పోయాక 1982లో 'మేఘసందేశం' సినిమాలో రమేశ్ నాయుడు బాణీలో వచ్చింది, ఇప్పటి వాళ్లలో చాలామందికి అలాగే పరిచయం. ట్యూన్ ఎంత హాయిగా ఉంటుందంటే, విన్నవాళ్లు ఇదేదో పిక్నిక్ పాట అనుకుంటారు. పరీక్ష పేపర్లో కూడా "కవి ప్రకృతి ప్రేమ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒక్కసారి పాట ఆపి, ఆయన ఏమేమి కావాలంటున్నాడో వరసగా చూడండి. మొదట ఆకు, పూవు, కొమ్మ, రెమ్మ. ఇవన్నీ చేతికి తగిలేవి. తర్వాత చిరుగాలిలో కెరటం, సెలపాటలో (సెలయేటి పాటలో) తేట. ఇవి పట్టుకుంటే దొరకవు. ఆ తర్వాత పూలకన్నె సిగ్గు, అది అసలు వస్తువే కాదు. ఆపైన చెట్లెక్కి, కొండెక్కి, ఆకాశమెక్కి చివరికి మేఘంలోని నీలం నిగ్గు. మధ్యలో ఒక తేటి (తుమ్మెద) వచ్చి నా లెక్క కొంచెం చెడగొడుతుంది, నిజమే. అయినా దారి స్పష్టంగానే ఉంది. చరణం చరణానికీ ఆ మనిషి బరువు తగ్గుతున్నాడు, ఒళ్లు వదిలేస్తున్నాడు. ఆఖర్న "ఆకలా దాహమా చింతలా వంతలా" అంటాడు. ఒళ్లు లేనివాడికి ఆకలేమిటి, మనసు లేనివాడికి చింతేమిటి? ఇంతా చేసి పల్లవి "దాగిపోనా", "ఆగిపోనా" అనే ప్రశ్నగానే ఉండిపోయింది. దాగాడని లేదు, అడుగుతున్నాడంతే. ఎవరి నుంచి దాగాలో కూడా చెప్పలేదు. ఆయన భార్య మరణంతో ముడిపెట్టి చదివేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. కవితలో లేని మనిషిని బయటి నుంచి తెచ్చి కూర్చోబెడితే, ఉన్న మాటలు వినపడవు. అడవి ఇక్కడ తప్పించుకోవడానికి దొరికిన చోటు అనడానికి ఆ చివరి చరణం చాలు.

'పుష్పవిలాపం'తో ఇంత తిప్పలు ఉండదు. కరుణశ్రీ పద్యాలు ఘంటసాల గొంతులో వినని ఇల్లు మన తల్లిదండ్రుల తరంలో లేదు. అక్కడ పూలే నోరు విప్పి మాట్లాడతాయి, "మా ప్రాణము తీతువా" అని బావురుమంటాయి. తీగ తల్లి అవుతుంది, దండ గుచ్చే దారం ఉరితాడు అవుతుంది. చివర్లో "బుద్ధదేవుని భూమిలో పుట్టినావు" అని నిలదీస్తాయి కూడా. గూఢార్థం వెతకక్కర్లేదు, కవి తాళంచెవి మన చేతికే ఇచ్చాడు. పువ్వు నోట మనిషి మాట పెట్టడం వేరు, పువ్వును పువ్వుగా ఉంచి దాని వెనక ఇంకో అర్థం మెదిలేలా చేయడం వేరు. జవాబు పత్రాల్లో ఈ రెంటినీ కలిపేసి అన్నిటికీ "ప్రతీక" అని రాసేస్తుంటారు. మొదటిదాన్ని మానవీకరణ అనండి, చాలు.

అసలు ప్రతీకే లేని కవితలు కూడా ఉంటాయి. ఇస్మాయిల్‌ని చదవండి. కాకినాడలో ఫిలాసఫీ పాఠాలు చెప్పిన మనిషి. 'చెట్టు నా ఆదర్శం' అని ఒక సంపుటికి పేరు పెట్టుకున్నారు, 'కప్పల నిశ్శబ్దం' పేరుతో హైకూలు, అంటే జపాన్ పద్ధతి చిట్టి కవితలు, వేశారు. హైకూలో కప్ప నీళ్లలోకి దూకితే కప్ప దూకినట్టే. "ఈ కప్ప సామాన్య మానవుడు" అని మా విద్యార్థులు రాస్తే నేను మార్కులు వేయను.

మీది పరీక్ష కోసమైతే ఇలా రాయండి: కవి వస్తువులోని ఏ గుణం తీసుకున్నాడో ఒక వాక్యం, దానికి రుజువుగా కవితలోంచి ఒక పాదం, అప్పుడు మీ అర్థం. పాదం చూపించలేకపోతే ఆ అర్థం కొట్టేయండి. గైడుకు భిన్నంగా రాస్తే మార్కులు పోతాయేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. వందల పేపర్లలో అదే గైడు వాక్యం చదివి విసిగిపోయి ఉంటాం, పాదం చూపించి వాదించిన పేపరు కనిపిస్తే కాస్త ఆగి చదువుతాం.